నోడ్ సెటప్: ఒక్క లైను స్క్రిప్టా, చేత్తో చేసుకోవడమా?

ఒంగోలులో ఉండే మా పిన్ని కొడుకు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, ఇథీరియం నోడ్ పెడదామని క్లౌడ్‌లో సర్వర్ తీసుకున్నా. ఒక్క కమాండ్ కొడితే మొత్తం అదే చేసుకుంటుందంట. కొట్టేయమంటావా?" (నోడ్ అంటే ఇథీరియం క్రిప్టో నెట్‌వర్క్‌లో భాగంగా నడిచే కంప్యూటర్.) కొట్టొద్దు, ముందు ఆ లైను నాకు పంపు అన్నాను. చూస్తే భయపడ్డట్టే ఉంది. కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో ఎక్కడి నుంచో స్క్రిప్ట్ (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) తెచ్చి, చదివే సందు కూడా లేకుండా దాన్ని పూర్తి అధికారంతో నడిపే సుడో బాష్ చేతిలో పెట్టే లైను అది. అంటే ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంటి తాళాలన్నీ ఇచ్చి లోపలికి పంపడమే.

దారులు మూడున్నాయి: వేరేవాళ్లు రాసిన స్క్రిప్ట్ నడపడం, గైడ్ చూస్తూ ఒక్కో కమాండ్ చేత్తో కొట్టడం, మన స్క్రిప్ట్ మనమే రాసుకోవడం.

మొదటిదాన్ని వెంటనే కొట్టిపారేయలేదు. గంటల లెక్కన అద్దెకు దొరికే ఖాళీ సర్వర్ ఒకటి తీసుకుని, స్క్రిప్ట్‌ను ఫైలుగా దించి ఇద్దరం చదివాం. నోడ్‌ను అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్ కిందే నడుపుతోంది. బయటి ప్రోగ్రాములు నోడ్‌తో మాట్లాడే దారి ఆర్‌పీసీని 0.0.0.0 మీద, అంటే ఊరందరికీ వినపడేలా పెట్టింది. నోడ్ నడిపే సాఫ్ట్‌వేర్ గెత్ తనంతట తాను 127.0.0.1 మీద, అంటే ఆ మెషీన్ లోపల మాత్రమే వింటుంది. ఆ జాగ్రత్తను ఈ స్క్రిప్టే తీసేసింది. 2018లో దొంగలు ఇలా తెరిచి ఉన్న 8545 పోర్టుల (ఆర్‌పీసీ వినే తలుపు నంబరు) కోసం ఇంటర్నెట్ అంతా గాలించి, అన్‌లాక్ చేసి వదిలేసిన ఖాతాల నుంచి ఈథర్ (ఇథీరియం నాణెం) ఊడ్చుకుపోయారు.

"ఫైర్‌వాల్ ఉంది కదన్నా" అన్నాడు వాడు. నిజమే, యూఎఫ్‌డబ్ల్యూ అనే ఆ ఫైర్‌వాల్ స్టేటస్ అడిగితే ఆ పోర్టు మూసే ఉందని చూపిస్తోంది. అయినా కావలిలో నా ల్యాప్‌టాప్ నుంచి 8545కి చిన్న రిక్వెస్ట్ పంపితే నోడ్ జవాబిచ్చింది. వాడు కాసేపు మాట్లాడలేదు. కారణం డాకర్, అంటే ప్రోగ్రామును కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్. ఆ స్క్రిప్ట్ నోడ్‌ను అందులోనే నడుపుతోంది. కంటైనర్ పోర్టును బయటికి పబ్లిష్ చేస్తే డాకర్ నేరుగా ఐపీటేబుల్స్ అనే లినక్స్ ఫైర్‌వాల్ పట్టికల్లో తన రూల్స్ రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ అడ్డు పనిచేయదు. ఫైల్లో పోర్టు ముందు 127.0.0.1 అని చేర్చి మళ్లీ నడిపితే జవాబు ఆగిపోయింది.

చదివాం కాబట్టి ఇక ఈ స్క్రిప్ట్‌ను నమ్మొచ్చా? ఈరోజు చదివిందే రేపు కూడా వస్తుందని ఎవరూ చెప్పలేరు. 2021లో కోడ్‌కవ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ తన కస్టమర్లకిచ్చే బాష్ స్క్రిప్ట్‌ను ఎవరో మార్చేశారు. జనవరి చివరి నుంచి ఏప్రిల్ 1 దాకా బయటపడలేదు. చివరికి ఒక కస్టమర్ తను దించుకున్న ఫైలు హ్యాష్‌ను (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య), కోడ్ ఉంచే గిట్‌హబ్ సైట్‌లో ఉన్న హ్యాష్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనపడింది. మన వైపు రొయ్యల సాగు చేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. హ్యాచరీ ఎంత పేరున్నదైనా సీడ్‌కు (రొయ్య పిల్లలకు) పీసీఆర్ టెస్ట్ చేయించకుండా గుంటలో వదలరు. పోయినసారి సీడ్ బాగుందని ఈసారి టెస్ట్ మానరు. వైట్ స్పాట్ వైరస్ ఒక్కసారి దిగితే ఆ పంట మొత్తం పోతుంది. హ్యాష్, జీపీజీ సంతకం (ఫైలు అసలువాళ్లదేనని చూపే డిజిటల్ సంతకం) సరిచూడటం మన పీసీఆర్ టెస్ట్. బిట్‌కాయిన్ నోడ్ సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ ప్రతి విడుదలతో పాటు హ్యాష్‌ల ఫైలు, దాని మీద సంతకాలు ఇస్తుంది. సరిచూడటానికి ఐదు నిమిషాలు చాలు.

చేత్తో చేస్తే ఏ పోర్టు ఎందుకు తెరిచామో మనకే తెలుస్తుంది. కానీ మనిషి అలిసిపోతాడు. నాలుగేళ్ల కిందట రాత్రి రెండింటిదాకా కూర్చుని పెట్టిన ఒక సర్వర్‌లో దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపడం మర్చిపోయాను. మూడు వారాల తర్వాత లాగ్ తెరిస్తే తెలియని అడ్రసుల నుంచి వేల ప్రయత్నాలు. ఎవరూ లోపలికి రాలేదు గానీ ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అందుకే నా ఓటు మూడోదానికి. టెస్ట్‌నెట్ (అసలు డబ్బు లేని ప్రయోగ నెట్‌వర్క్) మీద ఒకసారి చేత్తో చేసి, ప్రతి అడుగూ రాసుకుని, ఆ నోట్సునే యాన్సిబుల్ (సర్వర్ సెటప్‌ను తనే చేసిపెట్టే సాధనం) ఫైలుగా మార్చుకోవడం. నోడ్‌కు వేరే యూజర్, వెర్షన్ నంబరు కచ్చితంగా రాయడం, హ్యాష్ కలవకపోతే అక్కడే ఆగిపోవడం, పాస్‌వర్డ్ లాగిన్ బంద్. ఇవన్నీ అందులో ఉంటే అర్ధరాత్రి మర్చిపోయే పని ఉండదు. దీనికి రెండు మూడు వారాంతాలు పడతాయి, అది నిజమే.

ఎంత బాగా రాసుకున్నా రెండు పనులు మాత్రం స్క్రిప్ట్‌కు అప్పగించకూడదు. ఒకటి కీలు. ఈథర్ తాకట్టు పెట్టి ఇథీరియంలో బ్లాకులను ధ్రువీకరించే వ్యాలిడేటర్ కీలకు మూలమైన 24 పదాలను నెట్ లేని మెషీన్‌లో తయారుచేసి కాగితం మీద రాసుకోవాలి, అవి సర్వర్ మొహం చూడకూడదు. రెండోది బ్యాకప్ సర్వర్‌ను దానంతటదే లేపడం. మన జిల్లాల్లో తుఫానొస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఇంట్లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి పెట్టి, ఇది ఆగితే అది లేచేలా చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. మా వాడికీ అదే ఆలోచన. కానీ ఇంట్లో నెట్ మాత్రమే కాసేపు పోయి, క్లౌడ్‌లోది లేచాక తిరిగొస్తే, ఒకే కీతో ఇద్దరు సంతకాలు పెడుతుంటారు. ఇథీరియం దాన్ని మోసంగానే లెక్కేసి స్లాషింగ్ చేస్తుంది. పెట్టిన 32 ఈథర్‌లో కోత పడుతుంది, వ్యాలిడేటర్‌ను బయటికి పంపేస్తుంది. అదే కొన్ని గంటలు ఊరికే ఆగి ఉంటే పోయేది, ఆ కాసేపట్లో వచ్చే సంపాదన, దాదాపు అంతే జరిమానా.

మా వాడు ఆ సర్వర్‌ను తుడిచేసి హూడి అనే ఇథీరియం టెస్ట్‌నెట్‌తో మళ్లీ మొదలుపెట్టాడు. నిన్న రాత్రి ఫైర్‌వాల్ దాకా వచ్చాడు. పోర్టు మూసింది లేనిదీ ఈసారి వాళ్లింటి ల్యాప్‌టాప్ నుంచి తనే పరీక్షించి, నాకు స్క్రీన్‌షాట్ పంపాడు.