జైపాల్ రెడ్డి ప్రసంగాలు చదవాలంటే: పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీ

డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్తాను. ప్రతిపక్షం అంటే అరుపులు, వాకౌట్లే అనుకునే పిల్లలకు నేను ముందు చూపించేది ఈ సైట్. డబ్బు కట్టక్కర్లేదు. 1952 నుంచి లోక్‌సభ చర్చలు ఉన్నాయి.

ఎనిమిదో లోక్‌సభతో మొదలుపెట్టండి. 1984లో కాంగ్రెస్ 400 దాటిన సభ అది. 30 మందితో తెలుగుదేశం పెద్ద ప్రతిపక్షమైంది. జనతా పార్టీ నుంచి మహబూబ్‌నగర్ సభ్యుడు ఎస్. జైపాల్ రెడ్డి. సంఖ్యాబలం లేని చోట మాటే ఆయుధం. బోఫోర్స్ (ఫిరంగుల కొనుగోలులో ముడుపుల ఆరోపణ) రోజుల చర్చలు తెరిస్తే ఆయన పేరు, పక్కనే బ్రాకెట్లో నియోజకవర్గం, కింద వాదన, మధ్యమధ్యలో ‘అంతరాయం’ అన్న గుర్తు. అడ్డొచ్చినవాళ్ల మాటలకు అక్కడికక్కడే జవాబిచ్చి మళ్లీ అసలు విషయానికి రావడం ఎలాగో ఆ పేజీల్లో కనిపిస్తుంది. 1998కి ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు ఆయనకు ఊరికే రాలేదు.

మనవాళ్లు తెలుగులో మాట్లాడితే, చుక్క గుర్తు పెట్టి, ఇది తెలుగు ప్రసంగానికి అనువాదమని అడుగున వేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

పేజీకి రెండు కాలమ్‌లు కాబట్టి ఫోన్‌లో కష్టం, కంప్యూటర్‌లోనే చదవండి. పేరుతో వెతికేటప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగ్ మార్చి చూడండి. ఆ సభలో తెలుగుదేశం పక్ష నాయకుడు సి. మాధవరెడ్డి పేరు చివర రికార్డుల్లో ‘వై’ ఉండదు, ‘ఐ’ ఉంటుంది.

నా రేటింగ్ అయిదుకు అయిదు.