రెండు పడవల మీద కాళ్లు: 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మల్టీక్లాసింగ్

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. దాని 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 384 పేజీల లావుపాటి పుస్తకం. 12 క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తులు), 48 సబ్‌క్లాసులు (వాటిలోని శాఖలు). ఈ రివ్యూ మొత్తం పుస్తకానికి కాదు, అందులో మల్టీక్లాసింగ్‌కి, అంటే ఒకే కేరెక్టర్ ఒకటికి మించిన క్లాసుల్లో లెవెళ్లు తీసుకోవడానికి, కేటాయించిన కొద్ది పేజీలకే. లెక్కలు శుభ్రంగా రాశారు, ఆ మెచ్చుకోలు ఇవ్వాల్సిందే. ఏ లెవెల్లో క్లాసు మారాలి, మారితే ఏది ఎంత ఆలస్యమవుతుంది అన్నది మాత్రం వదిలేశారు. కేరెక్టర్లు పాడయ్యేది సరిగ్గా అక్కడే.

2014 పుస్తకంలో ఇది ఆరో అధ్యాయంలో, డీఎం (ఆట నడిపే వ్యక్తి) ఒప్పుకుంటేనే వాడుకునే ఐచ్ఛిక నియమం. ఇప్పుడు రెండో అధ్యాయానికి, కేరెక్టర్ తయారీ పక్కకే వచ్చేసింది. అసలు మార్పు వేరే చోట ఉంది. అన్ని క్లాసులకూ సబ్‌క్లాస్ మూడో లెవెల్లోనే వస్తుంది. అంతకుముందు క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్‌లకు మొదటి లెవెల్లోనే దొరికేది కాబట్టి, ఆ క్లాసులో ఒక్క లెవెల్ మాత్రం తీసుకుని (డిప్ చేసి) సబ్‌క్లాస్ బహుమతులన్నీ పట్టుకెళ్లేవాళ్లు. ఆ తలుపు మూసేశారు. మంచి పనే.

ప్రవేశ నియమం పాతదే. కొత్త క్లాసుకీ, ఇప్పుడున్న క్లాసుకీ ముఖ్యమైన ఎబిలిటీ స్కోర్లు (స్ట్రెంత్, చరిష్మా లాంటి సామర్థ్యాల అంకెలు) కనీసం 13 ఉండాలి. రెండిటికీ అన్న మాట చాలామంది చదవకుండా దాటేస్తారు. చరిష్మా 16 ఉన్న పాలడిన్‌కి స్ట్రెంత్ 12 ఉంటే వార్‌లాక్ అవడం కుదరదు, ఎందుకంటే పాలడిన్‌కి స్ట్రెంత్, చరిష్మా రెండూ 13 కావాలి. తర్వాత చేరిన క్లాసు సేవింగ్ త్రోల్లో (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచికల్లో) నైపుణ్యం ఇవ్వదు, హెవీ ఆర్మర్ కూడా సాధారణంగా ఇవ్వదు. హిట్ డై (ప్రాణబలం, అంటే హిట్ పాయింట్లు లెక్కించే పాచిక) మొత్తం విలువ ఒక్క తొలి లెవెల్‌కే. ఆ తర్వాత డి10కి (పది ముఖాల పాచిక) 6, డి8కి 5, డి6కి 4 చొప్పున, పైన కాన్‌స్టిట్యూషన్. అంటే ఏ క్లాసుతో మొదలుపెట్టావన్నది ఆట చివరిదాకా వెంట వస్తుంది. ప్రొఫిషియెన్సీ బోనస్ (నైపుణ్యం ఉన్న పనులకి పాచికకి కలిసే అంకె), క్యాంట్రిప్‌ల (ఎన్నిసార్లయినా వేసుకోగల చిన్న మంత్రాల) బలం మాత్రం మొత్తం లెవెల్‌ని బట్టే పెరుగుతాయి, వాటికి ఢోకా లేదు.

స్పెల్ స్లాట్ల (ఏ లెవెల్ స్పెల్స్, అంటే మంత్రాలు, ఎన్నిసార్లు వేయొచ్చో చెప్పే కోటా) లెక్కలో చిన్న సవరణ ఒకటి నిజంగా పనికొస్తుంది. పాలడిన్, రేంజర్ లెవెళ్లలో సగాన్ని ఇప్పుడు పైకి సర్దుతారు, 2014లో కిందికి సర్దేవారు. పాలడిన్ 5, సోర్సరర్ 3 తీసుకోండి. పాత లెక్కలో 2+3, స్లాట్ల పట్టికలో ఐదో వరుస: ఒకటి, రెండు, మూడో లెవెల్ స్లాట్లు వరసగా 4, 3, 2. కొత్త లెక్కలో 3+3, ఆరో వరుస: 4, 3, 3. ఇక్కడే పెద్ద బోల్తా. మూడో లెవెల్ స్లాట్లు మూడున్నాయి కదా అని అదే లెవెల్ స్పెల్ అయిన ఫైర్‌బాల్ రాసుకోవడానికి లేదు. ఏ స్పెల్ సిద్ధం చేసుకోవచ్చన్నది ఒక్కో క్లాసుని విడిగా చూసే తేల్చాలి. ఈ మనిషికి రెండు వైపులా రెండో లెవెల్ స్పెల్లే గతి. ఆ పెద్ద స్లాట్లు చిన్న స్పెల్‌ని బలంగా వేయడానికే పనికొస్తాయి. పుస్తకంలో ఈ సంగతికి ఒక ఉదాహరణ ఇచ్చారు, కానీ అది పేరాల మధ్య కలిసిపోయింది. పెట్టె కట్టి పెద్దక్షరాల్లో వేయాల్సింది.

వార్‌లాక్ ప్యాక్ట్ స్లాట్లు ఈ పట్టికలో కలవవు. వాటి లెక్క వాటిదే, షార్ట్ రెస్ట్‌తో (ఆటలో కాసేపటి విశ్రాంతితో) తిరిగొస్తాయి, వాటితో రెండో క్లాసు స్పెల్స్ కూడా వేసుకోవచ్చు.

అందరూ అడిగే జోడీ పాలడిన్, వార్‌లాక్. దాన్ని దగ్గరగా చూద్దాం. ప్యాక్ట్ ఆఫ్ ద బ్లేడ్ ఇప్పుడు వార్‌లాక్ మొదటి లెవెల్లోనే ఇన్వొకేషన్‌గా (వార్‌లాక్ ఎంచుకునే ప్రత్యేక శక్తిగా) దొరుకుతుంది. ఆ ఆయుధంతో కొట్టడానికీ డ్యామేజీకీ చరిష్మా వాడొచ్చు. స్టాండర్డ్ అర్రేతో (పుస్తకం ఇచ్చే ఆరు సిద్ధ అంకెలతో) చరిష్మా 15, స్ట్రెంత్ 14, కాన్ 13, విజ్డమ్ 12, డెక్స్ 10, ఇంటెలిజెన్స్ 8 పెట్టండి. నోబుల్ బ్యాక్‌గ్రౌండ్‌తో చరిష్మాకి 2, స్ట్రెంత్‌కి 1 కలిపితే చరిష్మా 17, స్ట్రెంత్ 15. ప్లేట్ ఆర్మర్ వేసుకుని వేగం తగ్గకుండా నడవాలంటే సరిగ్గా 15 కావాలి, కాబట్టి అది వృథా కాదు. మొదలు పాలడిన్‌తోనే పెట్టాలి. సేవింగ్ త్రోలు రెండు క్లాసులకూ ఒకటే, విజ్డమ్, చరిష్మా. తేడా హెవీ ఆర్మర్‌లోనూ, తొలి లెవెల్ 10 హిట్ పాయింట్లలోనూ.

వార్‌లాక్ లెవెల్ ఎప్పుడు? రెండో లెవెల్లోనే తీసుకుంటే, పాలడిన్ ఐదో లెవెల్లో వచ్చే ఎక్స్‌ట్రా ఎటాక్ (ఒకే టర్నులో రెండో దెబ్బ) ఆరుకి జారిపోతుంది. పార్టీలో మిగతావాళ్లు ఐదుకి చేరి రెండేసి దెబ్బలు కొడుతుంటే, ఫైర్‌బాల్స్ విసురుతుంటే, మీరు ఒక్క దెబ్బతో నిలబడాలి. ఆగితే నష్టం తక్కువే: తొలి మూడు లెవెళ్లలో స్ట్రెంత్‌కీ చరిష్మాకీ పాచికకి కలిసే బోనస్‌లో తేడా ఒక్క పాయింటు, నాలుగులో ఫీట్‌తో (ఎంచుకునే అదనపు సామర్థ్యంతో) చరిష్మా 18 అయితే రెండు. ఐదు పాలడిన్, ఆరో లెవెల్ వార్‌లాక్, తర్వాత మళ్లీ పాలడిన్. నా తీర్పు ఇదే. ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ (దగ్గరున్న మిత్రుల సేవింగ్ త్రోలకీ బలమిచ్చే శక్తి) ఆరుకి బదులు ఏడులో వస్తుంది, భరించొచ్చు.

కాగితం మీద కనపడని తిప్పలు బోనస్ యాక్షన్‌తో (టర్నులో మామూలు యాక్షన్‌కి అదనంగా చేసే చిన్న పనితో). డివైన్ స్మైట్ (దెబ్బకి అదనపు డ్యామేజీ కలిపే పాలడిన్ శక్తి) ఇప్పుడు బోనస్ యాక్షన్‌తో వేసే స్పెల్ అయింది. లే ఆన్ హ్యాండ్స్ (చేతితో తాకి నయం చేయడం) బోనస్ యాక్షనే. హెక్స్ (శత్రువుని శపించే వార్‌లాక్ స్పెల్) బోనస్ యాక్షనే. ప్యాక్ట్ ఆయుధాన్ని పిలవడమూ అంతే. టర్నుకి ఉన్నది ఒకటి, క్యూలో నలుగురు. పైగా ఒక టర్నులో ఒకే స్పెల్ స్లాట్ ఖర్చు పెట్టాలన్న నియమం ఉంది. 2014లో తగిలిన ప్రతి దెబ్బకీ స్మైట్ అంటించిన అలవాటుతో వచ్చేవాళ్లకి ఇది చప్పగా ఉంటుంది. అందుకే ఈ జోడీలో నేనైతే హెక్స్‌ని మొదటి రౌండుకే పరిమితం చేస్తాను, లేదా అసలు రాసుకోను.

కొత్తవాళ్లకి చెప్పదగ్గది ఇంతకన్నా సాదా జోడీ: ఫైటర్ 1, ఆపైన అన్నీ విజర్డ్. ఫైటర్‌తో మొదలైతే హెవీ ఆర్మర్, షీల్డ్, సెకండ్ విండ్, మూడు ఆయుధాల మాస్టరీ, అన్నిటికన్నా విలువైనది కాన్‌స్టిట్యూషన్ సేవ్. దెబ్బ తగిలినా కాన్‌సెంట్రేషన్ (వేసిన స్పెల్‌ని కొనసాగించే ఏకాగ్రత) నిలబడే అవకాశం పెరుగుతుంది. బదులుగా ప్రతి కొత్త స్పెల్ లెవెల్ ఒక మెట్టు ఆలస్యం. ఫైర్‌బాల్ ఆరో లెవెల్లో, తొమ్మిదో లెవెల్ స్పెల్స్ పద్దెనిమిదిలో. ఒక జాగ్రత్త: ఒక చేతిలో షీల్డ్, ఇంకో చేతిలో కత్తి ఉంటే షీల్డ్ స్పెల్ వేయడానికి చెయ్యి ఖాళీ ఉండదు. వార్ కాస్టర్ ఫీట్ వచ్చేదాకా కత్తి ఒరలోనే ఉండాలి. రెండో లెవెల్ ఫైటర్ కూడా తీసుకుని యాక్షన్ సర్జ్‌తో రెండు ఫైర్‌బాల్స్ వేద్దామనుకుంటే కుదరదు, ఆ అదనపు యాక్షన్‌తో మ్యాజిక్ యాక్షన్ (స్పెల్ వేసే పని) చేయనివ్వరు.

అతకని జోడీలు కూడా ఉన్నాయి. బార్బేరియన్, మంక్ ఇద్దరికీ కవచం లేని రక్షణ ఉంది, రెండూ కలవవు, ఒకటే ఎంచుకోవాలి. రేజ్‌లో (బార్బేరియన్ ఆవేశంలో) ఉన్నప్పుడు స్పెల్స్ వేయలేరు, కాన్‌సెంట్రేషన్ కూడా పోతుంది, కాబట్టి బార్బేరియన్‌తో డ్రూయిడ్ లాంటివి కథకి బాగుంటాయి కానీ పోరాటంలో ఒకటి ఇంకోదాన్ని ఆపేస్తుంది. ఫైటర్ 5, పాలడిన్ 5 అయితే మూడు దెబ్బలు కాదు, రెండే. ఇక 3, 3 అంటూ సమంగా పంచేవాళ్లు ఫీట్ నాలుగో క్లాస్ లెవెల్లో వస్తుందని మర్చిపోతారు. ఆరో లెవెల్ దాకా వచ్చినా ఎబిలిటీ స్కోర్ పెంచే ఫీట్ ఒక్కటీ ఉండదు.

అచ్చు పుస్తకం అమెరికా ధర 49.99 డాలర్లు. మల్టీక్లాసింగ్ నియమాలు చదవడానికే అయితే అంత పెట్టక్కర్లేదు. 2025లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వచ్చిన ఎస్‌ఆర్‌డీ 5.2 (ఆట మూల నియమాల పత్రం) పీడీఎఫ్‌లో అవి ఉచితంగానే ఉన్నాయి. కాకపోతే అందులో క్లాసుకి ఒక్క సబ్‌క్లాసే ఇచ్చారు. పాత పుస్తకాల్లోని హెక్స్‌బ్లేడ్ (పాత వార్‌లాక్ సబ్‌క్లాస్) లాంటివి కలపాలనుకుంటే, అవి మొదటి లెవెల్‌కి రాసినవి కాబట్టి, కేరెక్టర్ షీటు మొదలుపెట్టకముందే డీఎంతో తేల్చుకోండి.