ఇండెంట్ సరిచేస్తే చాలా, ఫైలంతా ఫార్మాటర్‌కి అప్పగించాలా?

విమ్ ఎడిటర్‌లో చిన్న జీ రెండుసార్లు, ఈక్వల్స్, పెద్ద జీ కొడితే ఫైలు మొదటి లైను నుంచి చివరిదాకా ఇండెంటేషన్, అంటే లైను ముందు వదిలే ఖాళీ, సర్దుకుంటుంది. వీఎస్ కోడ్ అనే ఇంకో ఎడిటర్‌లో, విండోస్ మీదైతే, షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కితే ఫైలు ఫార్మాట్ అవుతుంది. పైపైన చూస్తే రెండూ ఒకటే, గజిబిజి కోడ్ నీట్‌గా తయారవుతుంది. కానీ మొదటిది లైన్ల ముందున్న ఖాళీని తప్ప మరేదీ ముట్టుకోదు. రెండోది, ముఖ్యంగా ప్రెటియర్, బ్లాక్ లాంటి ఫార్మాటర్ తగిలించుకుంటే, ఫైలును పార్స్ చేసి, అంటే కోడ్ నిర్మాణాన్ని విడదీసి చదివి, కొత్తగా రాసి ఇస్తుంది. లైను ఎక్కడ విరగాలి, కోట్స్ సింగిలా డబులా, చివరి కామా ఉండాలా వద్దా, అన్నీ దాని ఇష్టమే.

ఏది మేలు అని అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: ఆ ఫైలు మీ ఒక్కరిదా, నలుగురు చెయ్యి పెట్టేదా? జవాబు చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఇండెంట్ ఒక్కటే చేస్తే

దీని పెద్ద సుగుణం, సగం రాసిన కోడ్ మీద కూడా పనిచేయడం. ఫ్లవర్ బ్రాకెట్ ఇంకా మూయలేదు, సెమికోలన్ మర్చిపోయారు, అయినా విమ్ తనకు తోచినంత సర్దిపెడుతుంది. ఈమాక్స్ ఎడిటర్‌లో కర్సర్ లైనులో ఎక్కడున్నా ట్యాబ్ నొక్కితే ఆ లైను తన చోటికి జరుగుతుంది. ప్రెటియర్, బ్లాక్ అలా కాదు. ఒక్క బ్రాకెట్ తక్కువైనా చేతులెత్తేస్తాయి, ఫైలు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. సేవ్ కొట్టినా ఏమీ కదల్లేదంటే ఎక్స్‌టెన్షన్‌ని తిట్టుకునే ముందు బ్రాకెట్లు ఒకసారి లెక్క చూసుకోవడం మంచిది.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో సీ నేర్చుకునేవాళ్లకి అందుకే రీఇండెంట్ అలవాటు చేయమంటాను. కొట్టాక ఏ లైను ఊహించని చోటికి జరిగిందో చూడాలి. మెయిన్ ఫంక్షన్ చివరి బ్రాకెట్ ఎడమ అంచుకి రాకుండా లోపలే ఆగిపోయిందంటే, పైన ఎక్కడో ఒకటి మూతపడలేదు. వంకర మొదలైన చోటు దాకా పైకి వెళ్తే దొరుకుతుంది. కంపైలర్ చెప్పే లైను నంబరు ఇలాంటప్పుడు చాలాసార్లు ఫైలు చివరిదే అయి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఏం వెతుకుతాం?

ఇండెంటేషన్ అబద్ధం చెబితే ఎంత దూరం వెళ్తుందో 2014 ఫిబ్రవరిలో బయటపడ్డ ఆపిల్ ఎస్ఎస్ఎల్ (సురక్షిత ఇంటర్నెట్ కనెక్షన్) లోపంలో కనిపిస్తుంది. ఒక ఇఫ్ కింద, ఫ్లవర్ బ్రాకెట్లు లేకుండా, గోటూ ఫెయిల్ (ఫెయిల్ అన్న చోటికి దూకు) అన్న లైను పొరపాటున రెండుసార్లు పడింది. రెండూ ఒకే లోతులో ఉన్నాయి కాబట్టి రెండూ ఇఫ్ కిందివే అనిపిస్తుంది. బ్రాకెట్లు లేనప్పుడు ఇఫ్ కిందికి వచ్చేది ఒక్క స్టేట్‌మెంటే. రెండో గోటూ కండిషన్‌తో సంబంధం లేకుండా ప్రతిసారీ నడిచి, సర్వర్ సంతకాన్ని సరిచూసే మెట్టును దాటేసేది. అదే ఫైలును ఎడిటర్‌లో రీఇండెంట్ చేసి ఉంటే ఆ రెండో లైను ఒక మెట్టు ఎడమకి జరిగి ఇఫ్‌తో సమానంగా నిలబడేది, చూసినవాడి కంట్లో పొడుచుకునేది. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలర్‌లో ఇలాంటి మోసపు ఇండెంటేషన్‌ని పట్టుకోవడానికే ఒక వార్నింగ్ చేర్చారు, డబ్ల్యూ-ఆల్ అన్న ఆప్షన్ ఇస్తే అది కూడా ఆన్ అవుతుంది.

పైథాన్‌లో వ్యవహారం తలకిందులు. అక్కడ ఇండెంటేషనే అర్థం. ఫర్ లూప్‌లో మొత్తం కూడుతూ, లూప్ అయ్యాక రిటర్న్ చేసే ఫంక్షన్ ఉందనుకోండి. చాట్‌లోంచి కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు రిటర్న్ లైను నాలుగు స్పేసులు కుడికి జరిగితే అది లూప్ లోపలికి పోయింది. ఇక లిస్టులో మొదటి అంకె ఒక్కటే కూడి ఇచ్చేస్తుంది. ఎర్రర్ రాదు. రీఇండెంట్ కొడితే బాగుపడదు, ఎందుకంటే రిటర్న్ ఎక్కడుండాలో ఎడిటర్‌కి తెలిసే దారి లేదు. బ్లాక్ కూడా కాపాడదు. కోడ్ అర్థం మార్చకూడదన్నది దాని నియమం, ఫార్మాట్ చేసే ముందూ తర్వాతా సింటాక్స్ ట్రీ (కోడ్ నిర్మాణం) సమానంగా ఉందో లేదో అదే సరిచూసుకుంటుంది. తప్పును చక్కగా ఇస్త్రీ చేసి తిరిగిస్తుందన్నమాట. సెట్టింగులు రాసుకునే యామెల్ ఫైళ్లదీ ఇదే బాధ. కాబట్టి పైథాన్, యామెల్ రాసేవాళ్లు పేస్ట్ చేసిన ముక్కని కళ్లతో చూసుకోవాల్సిందే, ఏ టూలూ ఆ పని చేయదు.

ఫార్మాటర్ చేతికిస్తే

గో భాష 2009లో బయటికి వచ్చినప్పుడే గో ఎఫ్ఎంటీ అనే ఫార్మాటర్ దానితో పాటు ఉంది. స్టైల్ మార్చుకోవడానికి అందులో ఆప్షన్లు లేవు, ట్యాబ్ అంటే ట్యాబే. అది నచ్చనివాళ్లు కూడా వాడతారు, ఎందుకంటే వాదించడానికి ఏమీ మిగల్లేదు. జావాస్క్రిప్ట్ వైపు ప్రెటియర్ 2017లో, పైథాన్ వైపు బ్లాక్ 2018లో అదే బాట పట్టాయి. ప్రెటియర్ మామూలుగా 80 అక్షరాల దగ్గర లైను విరుస్తుంది, బ్లాక్ 88 దగ్గర. గో ఎఫ్ఎంటీ మాత్రం పొడవు లైన్లని విరవదు, మీరు ఎక్కడ ఎంటర్ కొట్టారో దాన్నే గౌరవిస్తుంది. రఫ్ అనే పైథాన్ టూల్‌లో 2023లో వచ్చిన ఫార్మాటర్ బ్లాక్ స్టైల్‌నే చాలా వేగంగా చేసిపెడుతుంది. కొత్తగా మొదలుపెట్టే పైథాన్ ప్రాజెక్టుకి ఇవాళ నేను దాన్నే ఎంచుకుంటాను.

సీ, సీ ప్లస్ ప్లస్ వాళ్ల క్లాంగ్-ఫార్మాట్ ఆప్షన్లు పెద్దగా ఇవ్వని ఈ పద్ధతికి పూర్తి వ్యతిరేకం. ఎల్ఎల్‌వీఎం, గూగుల్, మొజిల్లా, వెబ్‌కిట్, మైక్రోసాఫ్ట్ లాంటి రెడీమేడ్ స్టైళ్లు ఉన్నాయి, వాటి మీద మళ్లీ వందకు పైగా ఆప్షన్లు. ఇన్ని ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఎవరైనా ఊహించగలరు. బ్రాకెట్ అదే లైనులో ఉండాలా కిందికి రావాలా అన్న దాని మీద ఓ మీటింగ్, టెంప్లేట్ల మీద ఇంకో మీటింగ్. పాత కోడ్ ఇప్పటికే ఒక స్టైల్‌లో ఉండి, ఫార్మాటర్‌ని దానికి దగ్గరగా మలచాలంటే మాత్రం ఈ ఆప్షన్లన్నీ అక్కరకొస్తాయి. కొత్త ప్రాజెక్టుకైతే రెడీమేడ్ స్టైల్ ఒకటి పెట్టుకుని పని చూసుకోవడం ఆరోగ్యానికి మంచిది.

మొండి ఫార్మాటర్లలోనూ చిన్న చిన్న సందులున్నాయి, చాలామందికి తెలియవు. బ్లాక్‌లో చివరి ఆర్గ్యుమెంట్ తర్వాత కామా పెడితే, ఒక్క లైనులో పట్టేదైనా సరే, ఒక్కో ఆర్గ్యుమెంట్‌ని ఒక్కో లైనులో ఉంచుతుంది. కామా తీసేస్తే మళ్లీ ఒక్క లైనుకి లాగేస్తుంది. ప్రెటియర్‌లో ఆబ్జెక్టు తెరిచే బ్రాకెట్ తర్వాత, మొదటి కీకి ముందు ఎంటర్ కొట్టి ఉంటే ఆ ఆబ్జెక్టుని విప్పినట్టే ఉంచుతుంది. చేత్తో నిలువు వరసలు కలిపి రాసుకున్న మ్యాట్రిక్స్ లాంటివి ఉంటే, వాటి పైన ఫార్మాట్ చేయొద్దని ఒక కామెంట్ పెట్టే వీలు బ్లాక్, ప్రెటియర్, క్లాంగ్-ఫార్మాట్ మూడింటిలోనూ ఉంది. మొహమాటపడకుండా వాడండి. మూడు వరుసల మ్యాట్రిక్స్‌ని తొమ్మిది లైన్లు చేసి పెడితే ఎవరికి లాభం?

అసలు గొడవ డిఫ్ దగ్గర

పదేళ్ల నాటి జావా ప్రాజెక్టు ఒకటి మీ టీమ్‌కి వచ్చిందనుకోండి. క్లయింటుది, ముందు వేరే కంపెనీ వాళ్లు రాశారు, ఫైలుకో స్టైల్. మీరు ఒక నల్ చెక్ చేర్చి సేవ్ కొట్టారు. ఎడిటర్‌లో ఫార్మాట్ ఆన్ సేవ్ ఆన్‌లో ఉంది. పీఆర్ (మార్పును కలపమని టీమ్‌కి పంపే అభ్యర్థన) తెరిస్తే డిఫ్‌లో, అంటే పాతకీ కొత్తకీ తేడా చూపే చోట, ఫైలు మొత్తం ఎరుపూ పచ్చా. రివ్యూ చేసేవాళ్లు ఆ రెండు లైన్లని వెతుక్కోవాలి, చాలామంది వెతకరు, అప్రూవ్ కొట్టేస్తారు. పక్క బ్రాంచిలో అదే ఫైలు మీద పనిచేస్తున్నవాళ్లకి మెర్జ్ కాన్‌ఫ్లిక్టులు, అంటే కలిపేటప్పుడు మార్పులు ఢీకొనడం. రేపు ప్రొడక్షన్‌లో తేడా వచ్చి బ్లేమ్ (ఏ లైను చివరిగా ఎవరు మార్చారో చూపేది) చూస్తే ప్రతి లైను మీదా మీ పేరే.

ఇలాంటి చోట ఫార్మాట్ ఆన్ సేవ్ ఆపేసి, మీరు రాసిన ముక్కని మాత్రమే సెలెక్ట్ చేసి సర్దుకోవడం మర్యాద. వీఎస్ కోడ్‌లో కంట్రోల్ పట్టుకుని కే, ఎఫ్ నొక్కితే సెలక్షన్ వరకే ఫార్మాట్ అవుతుంది. సేవ్ చేసినప్పుడు మారిన లైన్లనే ఫార్మాట్ చేసే సెట్టింగ్ కూడా ఉంది, కానీ ఫైలు, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉండాలి, ఫార్మాటర్‌కి ముక్కగా ఫార్మాట్ చేయడం రావాలి, అన్నిటికీ రాదు. ఇంటెల్లీజే ఎడిటర్‌లో కూడా మారిన భాగాన్నే రీఫార్మాట్ చేయమనవచ్చు. క్లాంగ్-ఫార్మాట్‌తో వచ్చే గిట్ స్క్రిప్టు ఈ పనికే పుట్టింది.

ఎప్పటికైనా మొత్తం ప్రాజెక్టుని ఫార్మాటర్ కిందికి తేవాలనుకుంటే ఒక్క కమిట్‌లో (గిట్‌లో ఒకేసారి నమోదయ్యే మార్పు) తేవాలి, అందులో ఇంకే మార్పూ ఉండకూడదు. రిలీజ్ అయిపోయి, తెరిచి ఉన్న పీఆర్‌లు తక్కువగా ఉన్న రోజు చూసుకుని చేయాలి. తర్వాత ఆ కమిట్ నంబరుని ఒక ఫైలులో రాసి, బ్లేమ్ చూసేటప్పుడు దాన్ని దాటేయమని గిట్‌కి చెప్పవచ్చు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఈ సౌకర్యం ఉంది. పాత బ్లేమ్ చెడిపోతుందని ఫార్మాటర్ వద్దనే సీనియర్లకి ఇదొక్కటి చూపిస్తే సగం అభ్యంతరాలు పోతాయి. మిగతా సగం అలవాటు, దానికి టైమ్ పడుతుంది.

సేవ్ దగ్గరా, కమిట్ దగ్గరా, సర్వర్‌లోనా?

ఒంటరిగా రాసుకునేటప్పుడు సేవ్ దగ్గర ఫార్మాట్ అవడమే హాయి. ఎలాగూ అది సర్దుతుందని తెలిశాక ఖాళీల గురించి ఆలోచించడం మానేస్తాం, ఒక్క లైనులో పొడుగ్గా కొట్టేసి సేవ్ నొక్కుతాం. ఒక మెలిక ఉంది: వీఎస్ కోడ్‌లో ఆటో సేవ్‌ని కొంత ఆలస్యం తర్వాత జరిగేలా పెట్టుకుంటే, ఆ సేవ్‌లకి ఫార్మాట్ జరగదు, మీరు చేత్తో సేవ్ చేసినప్పుడే జరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ పనిచేయట్లేదని టెన్షన్ పడేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

టీమ్‌లో మాత్రం ఎడిటర్ సెట్టింగుని నమ్ముకుంటే కుదరదు. ఒకరు విమ్, ఒకరు ఇంటెల్లీజే, ఒకరి దగ్గర ప్రెటియర్ పాత వెర్షన్. ప్రెటియర్ 3లో ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల చివర కూడా కామా పెట్టడం డిఫాల్ట్ అయింది, 2లో అలా కాదు. ఇద్దరి దగ్గర రెండు వెర్షన్లుంటే ఆ కామాలు పీఆర్ పీఆర్‌కీ వస్తూ పోతూ ఉంటాయి. అందుకే వెర్షన్ నంబరూ కాన్ఫిగ్ ఫైలూ రెపోలోనే, అంటే ప్రాజెక్టు కోడ్ ఉండే చోటే, ఉండాలి. కమిట్ హుక్ (కమిట్‌కి ముందు తనంతట నడిచే స్క్రిప్టు) పెడితే బాగుంటుంది కానీ దాన్ని దాటేయడం ఎవరికైనా ఒక్క ఫ్లాగ్ పని. చివరి మాట సర్వర్ మీది పైప్‌లైన్‌లో నడిచే చెక్‌దే అవ్వాలి. అక్కడ ఫార్మాటర్ ఫైళ్లని మార్చకూడదు, తేడా ఉంటే ఫెయిల్ అవ్వాలి, అంతే. బ్లాక్‌కీ ప్రెటియర్‌కీ చెక్ అనే ఆప్షన్ అందుకే ఉంది. గో ఎఫ్ఎంటీకి చిన్న ఎల్ ఇస్తే తేడా ఉన్న ఫైళ్ల పేర్లు చూపిస్తుంది, ఒక్క పేరు వచ్చినా బిల్డ్ ఆపేలా స్క్రిప్టు రాసుకోవచ్చు.

ఫార్మాటర్‌కి ఇప్పుడే టీమ్ ఒప్పుకోకపోతే, కనీసం ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు ఒకటి రెపోలో పడేయండి. ట్యాబా స్పేసా, ఎన్ని, లైను చివర ఏ అక్షరం, చివరి ఖాళీలు తీసేయాలా, ఇలాంటివే అది చూస్తుంది, లైన్లు విరవదు, ఎవరి మనసూ నొప్పించదు. ఇంటెల్లీజేకి ప్లగిన్ లేకుండానే అర్థమవుతుంది, వీఎస్ కోడ్‌కి ఎక్స్‌టెన్షన్ కావాలి. రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు: మేక్‌ఫైల్‌కి (మేక్ అనే బిల్డ్ టూల్ చదివే ఫైలు) విడిగా ట్యాబ్ అని చెప్పండి, అందులో కమాండ్ లైన్లు ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేసులైతే మేక్ ఒప్పుకోదు. లైను చివరి ఖాళీలు తీసేసే నియమాన్ని మార్క్‌డౌన్‌కి వర్తించనివ్వకండి, అక్కడ చివర రెండు స్పేసులంటే కొత్త లైను.