సోల్-జెలా, హైడ్రోథర్మలా? టైటానియాలో ఇనుము డోపింగ్‌కు ఏది మేలు

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఇది: "టైటానియాలో ఐరన్ డోప్ చెయ్యాలి సార్, సోల్-జెల్‌లో వెళ్లమంటారా, హైడ్రోథర్మల్‌లోనా?" టైటానియా అంటే టైటానియం డయాక్సైడ్, వెలుగు తగిలితే రసాయన చర్యలను నడిపే పొడి. దాని స్ఫటికంలోకి కొద్దిగా వేరే మూలకాన్ని చొప్పించడమే డోపింగ్. సోల్-జెల్‌లో ద్రావణాన్ని జెల్‌గా మార్చి, ఆరబెట్టి కాలుస్తాం; హైడ్రోథర్మల్‌లో మూసిన పాత్రలో నీళ్లతో వేడిచేస్తాం. ఈ ప్రశ్నకు జవాబు ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చాను. ఈమధ్య నేనే హైడ్రోథర్మల్ వదిలి సోల్-జెల్‌కు తిరిగొచ్చాను కాబట్టి, అందుకు కారణాలన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

డోపింగ్ ఎందుకో మళ్లీ చెప్పక్కర్లేదు. మనం వాడే టైటానియా స్ఫటిక రూపమైన అనటేజ్ వెలుగును పీల్చడం దాదాపు 387 నానోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, ఎండలో అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు నాలుగైదు శాతమే. మిగతా వెలుగును కూడా పనిలో పెట్టాలన్నదే మన తాపత్రయం.

చాలామంది ఈ రెండు పద్ధతులనూ రేణువు సైజుతోనో ఉపరితల వైశాల్యంతోనో తూస్తారు. అవి ముఖ్యమే, కానీ నా దృష్టిలో రెండోస్థానం వాటిది. ముందు తేల్చుకోవాల్సింది, మనం వేసిన ఇనుము ఎక్కడికి పోయిందన్నది. టైటానియం కూర్చునే చోట స్ఫటికం లోపల కూర్చుని ఉండొచ్చు. రేణువు పైన ఆక్సైడ్ మచ్చలుగా అంటుకుని ఉండొచ్చు. లేదా కడిగిన నీళ్లతోపాటు సింకులోకి పోయి ఉండొచ్చు. వీటిలో మొదటిదాన్నే డోపింగ్ అనాలి.

ఈ లెక్క ఎంత సున్నితమో 1994లో చోయ్, టెర్మిన్, హాఫ్‌మన్ చేసిన పనిలో కనిపిస్తుంది. 21 లోహాల అయాన్లను ఒక్కొక్కటిగా టైటానియాలో పెట్టి చూశారు. ఇనుము బాగా పనిచేసిన వాటిలో ఒకటి. అయితే మేలు కనబడింది 0.1 నుంచి 0.5 శాతం మోతాదులో. అరశాతం అంటే రెండువందల లోహ పరమాణువుల్లో ఒక్కటి. అది దాటిపోతే, వెలుగు విడదీసిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) మళ్లీ కలిసిపోవడానికి ఆ ఇనుమే చోటిస్తుంది. ఇంత ఇరుకు మోతాదులో పనిచేస్తూ, వేసిన ఇనుములో ఎంత లోపల ఉందో తెలియకపోతే ఏ ఫలితాన్ని దేనితో పోల్చాలి?

సోల్-జెల్ నాకు నచ్చేది ఇక్కడే. జెల్‌ను అలాగే ఆరబెడతాం, వడకట్టేది లేదు, కాబట్టి బీకరులో వేసిన ఇనుమంతా పొడిలో ఉండితీరుతుంది. ఇబ్బందల్లా నీళ్లు కలిపే దగ్గరే. టైటానియాకు ముడిసరుకైన టైటానియం ఐసోప్రొపాక్సైడ్‌కు నీళ్లు తగిలితే చాలు, క్షణంలో తెల్లటి ఉండలు కడుతుంది. ఆ ఉండల్లో ఉండేది దాదాపుగా టైటానియానే, ఇనుము ద్రావణంలో మిగిలిపోయి ఆరేటప్పుడు వాటిమీద పేరుకుంటుంది. అందుకే ముందు అసిటిక్ యాసిడ్ కలిపి ఐసోప్రొపాక్సైడ్ దూకుడు తగ్గించాలి. నీళ్లను ఆల్కహాల్‌లో కలిపి, చుక్క చుక్కగా వదలాలి. జెల్ సరిగా వచ్చిందని నాకు గుర్తు ఒకటే: పలచని తేనెరంగులో ఉండి, బీకరు వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలగాలి. పాలలాగా తెల్లబడితే ఆ బ్యాచ్‌ను ఫర్నేస్ దాకా తీసుకెళ్లను.

అసలు బలహీనత ఫర్నేస్‌లో బయటపడుతుంది. జెల్‌కు స్ఫటిక రూపం లేదు, 400 డిగ్రీల పైన కాల్చాల్సిందే. వేడికి అయాన్లు కదులుతాయి, ఇనుము మెల్లగా అంచులకు జరుగుతుంది. పైగా ఇనుము అనటేజ్‌ను త్వరగా రూటైల్ అనే మరో స్ఫటిక రూపంగా మారేలా చేస్తుంది. 550 దగ్గర కాల్చిన నా పాత నమూనాల్లో, ఎక్స్‌రేలతో స్ఫటిక రూపాన్ని గుర్తించే ఎక్స్ఆర్‌డీ పరీక్షలో, 27.4 డిగ్రీల కోణం దగ్గర రూటైల్ పీక్ తలెత్తింది. ఇప్పుడు నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ 420 దగ్గర ఆపేస్తున్నాను.

హైడ్రోథర్మల్‌కు ఈ బాధ లేదు. ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్ర, అంటే ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీలకే స్ఫటికం తయారవుతుంది, రేణువులు అతుక్కుపోవు, కడ్డీలో పలకలో కావాలంటే ఆ రూపం కూడా వస్తుంది. మైక్రోస్కోపు కింద చూస్తే దీని అందం సోల్-జెల్‌కు రాదు, ఒప్పుకుంటాను. కానీ లోపల ఘనపదార్థమూ ద్రవమూ పక్కపక్కనే ఉంటాయి. ఎంత ఇనుము స్ఫటికంలోకి వెళ్లాలో, ఎంత ద్రవంలో ఉండిపోవాలో వాటి మధ్యే తేలుతుంది. మాధ్యమం ఆమ్లంగా ఉంటే ద్రవంలోనే ఎక్కువ ఉండిపోతుంది. నేను 1 శాతం వేశానని రాసుకున్న ఒక బ్యాచ్‌లో సెంట్రిఫ్యూజ్ పైనీళ్లు లేత పసుపుగా వచ్చాయి. అది చూశాక ఆ లేబుల్ మీది అంకె కొట్టేశాను. హైడ్రోథర్మల్ చేసేవాళ్లు వేసిన శాతం కాకుండా ఐసీపీలో (లోహాల మోతాదు కొలిచే పరికరంలో) కొలిచిన శాతాన్నే రాయాలని అందుకే గట్టిగా అంటాను. ఇంకో సంగతి, ఆటోక్లేవ్ లోపలి టెఫ్లాన్ లైనర్ పాత బ్యాచ్‌ను అంత తేలిగ్గా మరిచిపోదు. డోప్ చెయ్యని కంట్రోల్‌కు వేరే లైనర్ పెట్టుకోండి.

ఏ పద్ధతిలో చేసినా ఒక పరీక్ష మాత్రం వదలకండి. పొడిలో కొంత తీసి పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొన్ని గంటలు కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవంలో రెండు చుక్కలు థయోసయనేట్ వెయ్యండి. నెత్తురులా ఎర్రబడితే మీ ఇనుములో చాలా భాగం రేణువు పైనే ఉంది. "ఎక్స్ఆర్‌డీలో ఐరన్ ఆక్సైడ్ పీక్ లేదు, కాబట్టి అంతా లోపలికి వెళ్లింది" అన్న వాదన నాకు మింగుడుపడదు. అరశాతం ఆక్సైడ్, అందులోనూ స్ఫటికం కానిది, ఎక్స్ఆర్‌డీ కంటికి ఆనదు.

లవణాల ద్రావణంలోంచి రెండు లోహాలనూ కలిపి అవక్షేపంగా దింపే కో-ప్రెసిపిటేషన్ చవక, తేలిక. జింక్ ఆక్సైడ్‌కు చాలామంది అదే వాడతారు. ఒకసారి జింక్, ఐరన్ నైట్రేట్ల మిశ్రమంలోకి బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ వదులుతున్నాను. పీహెచ్ 3 దగ్గరే గోధుమరంగు తునకలు దిగిపోయాయి, తెల్లటి జింక్ హైడ్రాక్సైడ్ చాలాసేపటికి గానీ రాలేదు. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి దిగితే డోపింగ్ ఎక్కడిది? లవణాలనే క్షారంలోకి పొయ్యడం కొంత నయం. లవణాలను ఇంధనంతో కలిపి మండించే కంబషన్ పద్ధతి నిమిషాల్లో అయిపోతుంది, కానీ మంట వేడిని అదుపు చెయ్యలేం. నేను దాని జోలికి వెళ్లను.

వెండి సంగతి వేరు. టైటానియం అయాన్ వ్యాసార్ధం 0.605 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఇనుముది 0.645, కాబట్టి ఇనుము ఆ చోట్లో ఇముడుతుంది. వెండిది 1.15. అది లోపల పట్టదు, పైన చుక్కలుగా కూర్చుంటుంది. ఎలక్ట్రాన్లను పట్టి ఉంచడానికి అదీ పనికొస్తుంది గానీ దాన్ని డోపింగ్ అనకూడదు.

తయారైన పొడి వెలుగులో పనిచేస్తోందా అని చూసే పరీక్షకు అందరూ మిథిలీన్ బ్లూ అనే రంగు పట్టుకుంటారు. అది 664 నానోమీటర్ల దగ్గర తానే వెలుగు పీల్చి ఎలక్ట్రాన్‌ను టైటానియాకు ఇవ్వగలదు. రంగు పోయినంత మాత్రాన డోపింగ్ పనిచేసిందని కాదు. రంగులేని ఫినాల్‌తో, చీకట్లో అరగంట ఉంచి మొదలుపెట్టి చూడండి.

నైట్రోజన్ డోపింగ్‌కు మాత్రం నా ఓటు మారుతుంది. గాలిలో కాలుస్తూ వేడి పెంచేకొద్దీ నైట్రోజన్ ఎగిరిపోతుంది, కాబట్టి అక్కడ తక్కువ వేడిలో పని ముగించే హైడ్రోథర్మలే నయం. లేత పసుపుగా ఫర్నేస్‌లో పెట్టిన పొడి తెల్లగా బయటికొస్తే, నైట్రోజన్ దాటిపోయిందని అక్కడే తెలుస్తుంది.