హనుమకొండలో మూడు కిలోవాట్ల సోలార్: ఒక దుకాణం పనితీరుపై సమీక్ష

హనుమకొండలోని మా ఇంటి డాబాపై మూడు కిలోవాట్ల సోలార్ ప్లాంటు బిగించిన దుకాణం గురించి ఈ సమీక్ష. పని నాణ్యంగానే చేశారు గానీ, వారి కొటేషన్‌ను చదివి అర్థం చేసుకోగలిగిన వారికే అందులోని మంచీ చెడూ కనిపిస్తాయి. అందుకని కొటేషన్‌లోని పదాలను, అంకెలను కూడా వివరిస్తున్నాను.

అడుగుపెట్టగానే ప్యానెళ్ల ఫొటోలు చూపించే దుకాణాలకు భిన్నంగా, వీరు మొదట ఏడాది కరెంటు బిల్లులు అడిగారు. ఇది సరైన పద్ధతి. కిలోవాట్ అనేది ప్లాంటు సామర్థ్యానికి కొలత. బిల్లులో కనిపించే యూనిట్ అనేది వాడకానికి కొలత. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కాబట్టి ఆ సామర్థ్యపు బోరు మోటారు అరగంటకు సుమారు అర యూనిట్ తీసుకుంటుంది. పదిహేను వందల వాట్ల ఏసీ రెండు గంటలకే మూడు యూనిట్లు తీసుకుంటుంది. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాట్ ప్లాంటు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది గనుక, మూడు కిలోవాట్లంటే నెలకు మూడు వందల అరవై యూనిట్లకు కాస్త అటూ ఇటూ. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు ఉచితంగా పొందుతున్న ఇంటికి దీనివల్ల పెద్దగా కలిసివచ్చేది ఉండదని దుకాణం వారే చెప్పడం నాకు నచ్చింది.

మాకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెట్టారు, అంటే 3,240 వాట్లు. అయితే ప్యానెల్ వెనుక ముద్రించే ఆ అంకె, చదరపు మీటరుకు వెయ్యి వాట్ల ఎండ పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు ప్రయోగశాలలో వచ్చేది. మే నెల మధ్యాహ్నం మన డాబాల మీద ప్యానెల్ సులువుగా 60 డిగ్రీలు దాటుతుంది. 25 పైన పెరిగే ప్రతి డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. ఎండ మండుతున్నా ఉత్పత్తిని చూపే యాప్‌లో అంకె తగ్గడానికి కారణం ఇదే, ప్యానెల్‌లో లోపం కాదు. ఈ సంగతి కొటేషన్‌లో ఎక్కడా లేదు.

ఫోనులో మాట్లాడిన వ్యక్తి "కరెంటు పోయినా మీకు చింత లేదు సార్" అన్నారు. అది నిజం కాదు. బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల విద్యుత్తును ఇంటికి పనికొచ్చేలా మార్చి, కరెంటు లైనుతో కలిపే పరికరం), లైనులో సరఫరా ఆగిన వెంటనే తానూ ఆగిపోతుంది. లేకపోతే మన ప్లాంటు నుంచి తీగల్లోకి వెళ్లే విద్యుత్తు స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి తెస్తుంది. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ మాత్రం అడగకుండానే ఈ విషయం చెప్పాడు.

పనితనానికి వంక పెట్టలేను. ప్యానెళ్లను దక్షిణానికి తిప్పి, మన అక్షాంశానికి తగినట్లు 18 డిగ్రీలకు దగ్గరగా వంచారు. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ విద్యుత్తు వైపు, ఇన్వర్టర్ నుంచి ఇంటికి వెళ్లే ఏసీ విద్యుత్తు వైపు, పిడుగుల రక్షణకు విడివిడిగా మూడు ఎర్తింగ్ గుంతలు తవ్వారు. విద్యుత్తు పంపిణీ సంస్థ వారు నెట్ మీటరు (లోపలికి వచ్చే, బయటికి వెళ్లే యూనిట్లను విడిగా లెక్కించేది) అమర్చేదాకా ప్లాంటును ఆన్ చేయనివ్వలేదు. బయటికి వెళ్లే యూనిట్లను కూడా వాడకంగానే లెక్కగట్టే మీటర్లు కొన్ని ఉంటాయి కనుక ఆ జాగ్రత్త అవసరమే.

నా అసలు ఫిర్యాదు నీడ గురించి. సర్వేకు ఉదయం పూట వచ్చి, కొలతలు తీసుకొని వెళ్లారు. నైరుతి మూలనున్న వాటర్ ట్యాంకు నీడ చలికాలంలో మూడు దాటాక చివరి ప్యానెల్ మీద పడుతుంది. ఆరూ ఒకే సిరీస్‌లో ఉండడం వల్ల అన్నింటిలోనూ పారే కరెంటు ఒకటే. జోడెడ్లలో ఒకటి కుంటితే రెండోదీ నెమ్మదించినట్లు, ఒక ప్యానెల్ మీది నీడ మిగతావాటినీ లాగుతుంది. నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పంపే బైపాస్ డయోడ్లు ఆ నష్టాన్ని తగ్గిస్తాయే తప్ప పూర్తిగా తీర్చవు. ప్యానెళ్ల స్టాండు జరపమంటే అదనపు చార్జీ అడిగారు. సర్వేలో తేలవలసిన లోపానికి వినియోగదారు డబ్బు కట్టడం న్యాయం కాదని వాదించాక సగానికి ఒప్పుకున్నారు.

ధర విషయంలో ఒక హెచ్చరిక. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద మూడు కిలోవాట్లకు వచ్చే రాయితీ 78,000 రూపాయలు. దానిని ముందే తీసివేసి, మిగిలిన మొత్తాన్నే కొటేషన్‌లో పెద్ద అక్షరాలతో వేశారు. కానీ రాయితీ ప్లాంటు పూర్తయ్యాక మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. మొదట పూర్తి ధర చెల్లించవలసింది మనమే. ఆ రాయితీకి దేశీయంగా తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే ఉండాలి కాబట్టి, బిల్లుపై వాటి సీరియల్ నంబర్లు రాయించుకోవడం మంచిది. మాకు అడగ్గానే రాసిచ్చారు.

కోతులు కేబుల్‌ను పీకినప్పుడు పిలిచిన మర్నాడే వచ్చి, ఆ భాగమంతా పైపులో వేసి, పైసా తీసుకోకుండా వెళ్లారు. ప్యానెళ్లు కడగడం మాత్రం వారి సేవలో లేదు. డాబా మీదికి ఒక కొళాయి వేయించుకోవలసి ఉంటుంది.