స్ప్రింగ్‌లో బీన్లు కలపడం: రాసే పద్ధతుల మీద నా అభిప్రాయం

2012లో అమీర్‌పేటలో జావా నేర్చుకునే రోజుల్లో మాకు స్ప్రింగ్ (జావా ప్రోగ్రాములు కట్టే ఫ్రేమ్‌వర్క్) అంటే ఎక్స్‌ఎంఎల్ ఫైలే. స్ప్రింగ్ తయారుచేసి ఒకదానికొకటి తగిలించే ఆబ్జెక్టులే బీన్లు. క్లాసుకో బీన్ ట్యాగు, దానికో ఐడీ, లోపల ప్రాపర్టీలు, వేరే బీన్‌ను ఐడీతో చూపే రెఫ్‌లు. మొదటి ఉద్యోగంలో నా చేతికొచ్చిన ఫైలు 1,400 లైన్లు. రెఫ్‌లో ఒక్క అక్షరం తప్పు పడినా కంపైలర్ ఏమీ అనదు, సర్వర్ స్టార్ట్ చేస్తే గానీ బయటపడదు. అయినా ఆ ఫైలంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఏది దేనికి తగిలించారో అంతా ఒక్కచోట కనిపించేది.

ఆటోవైర్డ్ (ఇక్కడికి కావాల్సిన బీన్‌ను తెచ్చివ్వమని కోడ్‌లోనే స్ప్రింగ్‌కు చెప్పే గుర్తు) 2007లోనే స్ప్రింగ్ 2.5 వెర్షన్‌తో వచ్చింది. అది వాడడం మొదలుపెట్టాక ఆ బరువు దిగింది. కాకపోతే చాలామంది దాన్ని నేరుగా ఫీల్డు మీద పెడతారు. అలా పెడితే ఫీల్డును ఫైనల్ (తర్వాత మార్చలేనిది) చెయ్యలేం, టెస్టులో మాక్ (అసలు బీన్ బదులు పెట్టే నకిలీది) ఇవ్వాలన్నా తిప్పలే. నేను కన్‌స్ట్రక్టర్‌లోనే, అంటే ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడే పారామీటర్‌గా, తీసుకుంటాను. 4.3 నుంచి క్లాసుకు ఒకే కన్‌స్ట్రక్టర్ ఉంటే ఆటోవైర్డ్ అని రాయక్కర్లేదు కూడా. పైగా పారామీటర్లు ఎనిమిదో తొమ్మిదో అయ్యాయంటే ఆ క్లాసును విడగొట్టాలని చూడగానే తెలుస్తుంది.

చిక్కంతా ఒకే ఇంటర్‌ఫేసుకు రెండు బీన్లు ఉన్నప్పుడు వస్తుంది. మా ప్రాజెక్టులో మెసేజ్‌సెండర్ అనే ఇంటర్‌ఫేసుకు ఎస్‌ఎంఎస్‌ది ఒకటి, మెయిల్‌ది ఒకటి ఉన్నాయి. టైపు చూస్తే రెండూ సరిపోతాయి కాబట్టి స్ప్రింగ్ పారామీటర్ పేరును బట్టి ఎస్‌ఎంఎస్ బీన్‌ను ఎంచుకునేది. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. మాది స్ప్రింగ్ బూట్ (సెట్టింగులు చాలావరకు తనే చూసుకునే స్ప్రింగ్ ప్రాజెక్టు) లేని పాత వార్ ఫైలు, అంటే సర్వర్‌లో పెట్టే జావా ప్యాకేజీ. దాన్ని స్ప్రింగ్ 6.1కు మార్చిన రోజు సర్వర్ లేవలేదు. ఒక్కటి ఉండాల్సిన చోట రెండు బీన్లు దొరికాయని ఎర్రర్. కోడ్‌లో ఒక్క లైను కూడా మార్చలేదు కదా అని రాత్రి రెండింటి దాకా ఒకటే టెన్షన్. చివరికి తేలిందేమిటంటే, పాత వెర్షన్లు క్లాసు ఫైల్లోని డీబగ్ సమాచారం నుంచి పారామీటర్ పేర్లు లాగేవి, 6.1లో అది తీసేశారు. ఇప్పుడు కంపైలర్‌కు పారామీటర్స్ ఫ్లాగ్ ఇవ్వాల్సిందే. బిల్డులో బూట్ ఇచ్చే రెడీమేడ్ పేరెంట్ ఫైలు వాడేవాళ్లకు ఆ ఫ్లాగ్ తనంతట తానే వస్తుంది. మా బిల్డు ఫైల్లో అది లేదు.

ఫ్లాగ్ పెట్టగానే సర్వర్ లేచింది. కానీ నాకు మనసొప్పలేదు. రేపు ఎవరైనా ఆ పారామీటర్ పేరును మెయిల్ బీన్ పేరుగా మారిస్తే ఎర్రర్ కూడా రాదు, ఓటీపీలు మెయిల్‌కు పోతాయి. అందుకే మర్నాడు కూర్చుని అలాంటి 23 చోట్లా క్వాలిఫయర్ (ఏ బీన్ కావాలో పేరు పెట్టి చెప్పే గుర్తు) రాశాను. ఇప్పుడు రివ్యూలో అది లేకపోతే మెర్జ్ చెయ్యనివ్వను.