మరణావస్థ గానాల పుస్తకం అచ్చు: తిరుపతి డిజిటల్ ప్రింటింగ్ షాపు పనితనం

తిరుపతి గాంధీరోడ్డు వైపున్న ఓ చిన్న డిజిటల్ ప్రింటింగ్ షాపులో మా విచారణ (చర్చి పారిష్) గాయక బృందానికి 32 పేజీల పుస్తకం వేయించాం. మరణావస్థలో ఉన్నవారి దగ్గర మధ్యయుగపు లాటిన్ క్రమం ప్రకారం పాడే గానాలవి. నాలుగు గీతల మీద చతురస్ర స్వరాలు, వాటి కింద తెలుగు లిపిలో లాటిన్ మాటలు. కాగితానికి, కటింగుకు, సెంటర్ పిన్నింగుకు ఐదుకు నాలుగున్నర మార్కులు. ఫైలు వాళ్లకిచ్చి సర్దమంటే మాత్రం రెండే.

ఈ పుస్తకానికి పేజీల అమరికే ప్రాణం. పాత రోమా క్రమంలో మరణం దగ్గరపడ్డవారికి ముందు దివ్యసత్ప్రసాదం ఇస్తారు. ఆత్మ వెళ్లేదాకా ప్రభువు పాటుల చరిత్ర (క్రీస్తు శ్రమల వృత్తాంతం) చదువుతారు. వెళ్లిన మరుక్షణం ‘సుబ్వెనీతె’ (‘సాయానికి రండి’ అని పునీతులను పిలిచే గానం) ఎత్తుకుంటారు. ఆ తర్వాత లాటిన్ లెక్కలో 113వ కీర్తన (మన బైబిలులో 114, 115), దానితో ‘కోరుస్ ఆంజెలోరుమ్’ (‘దేవదూతల బృందం’) అనే పల్లవి. ప్రాణం ఉండగానే ఎవరైనా ‘సుబ్వెనీతె’ అందుకుంటే క్రమమే తప్పుతుంది. అందుకే అది కొత్త పేజీలో, ఎడమవైపున మొదలవ్వాలి, పైన ఎర్ర అక్షరాల్లో సూచన ఉండాలి.

ఇంకో చిక్కుంది. ‘సుబ్వెనీతె’లో ‘సుస్కిపియాత్ తె క్రీస్తుస్’ చరణం అయ్యాక ‘సుస్కిపియెంతెస్’ దగ్గరికి వెనక్కి రావాలి. ‘రేక్వియెమ్’ చరణం తర్వాత ‘ఒఫ్ఫెరెంతెస్’ నుంచే. గానమంతా ఎదురెదురు పేజీల్లో ఇమడకపోతే మంచం పక్కన నిలబడి పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాల్సి వస్తుంది. షాపువాళ్లు కాగితం ఆదా అవుతుందని ఖాళీలు తీసి గానాలను వరసగా కలిపేశారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, ఫలితం పనికిరాదు.

గీతలు తీసేసి మాటలే వేద్దామని కౌంటర్లో సలహా ఇస్తారు. గోవింద నామాలు, స్తోత్రాలు వేసే ఊళ్లో అది సహజం. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు, సాహిత్యమే ఉన్నాయి. తొలినాటి లాటిన్ ప్రతుల్లోనూ మాటలే. 11వ శతాబ్దంలో గ్వీదో అనే ఇటలీ సన్యాసి గీతల పద్ధతి నిలబెట్టేదాకా స్వరం ప్రధానంగా గురుముఖంగానే అందింది. ఆ గురుపరంపర మన విచారణల్లో లేదు కాబట్టి గీతలు వదులుకోకూడదు.

అసలు దెబ్బ తెలుగు అక్షరాలకు తగిలింది. పీడీఎఫ్‌ను కోరల్‌డ్రాలో తెరిస్తే ఫాంటు మారిపోయి ‘సాంక్తి’లో తవొత్తు విడిపోయి పక్కకు పడింది. స్వరాలు, మాటలు గ్రెగోరియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీరే కూర్చుకోండి. తెలుగు లిపి సరిగ్గా రావాలంటే ఫాంటుకు హార్ఫ్‌బజ్ రెండరర్ (అక్షరాలనూ వొత్తులనూ సరిగ్గా కలిపి చూపేది) పెట్టాలి. గ్రెగోరియో లాటిన్ మాటలోని అచ్చు అక్షరాన్ని (a, e, i లాంటివి) చూసి స్వరాన్ని దాని మీద నిలుపుతుంది. తెలుగు అచ్చు అక్షరాలు దానికి తెలియవు. అందుకని స్వరం అక్షరం మొత్తానికి మధ్యలో నిలిచేలా సెట్టింగు మార్చండి. ‘ఆల్-తిస్-సి-మి’ని ఇలాగే విడగొట్టండి, పొల్లు ఉంచండి. వొత్తులు కిందికి వేలాడి తర్వాతి వరస పైగీతను తాకుతాయి గనుక మాటల కింద ఖాళీ పెంచండి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇచ్చి, అక్రోబాట్ నుంచే, సైజు 100 శాతం పెట్టి ప్రింటు తీయమనండి. ‘ఫిట్’ నొక్కితే పేజీ మొత్తం కుంచించుకుపోతుంది.

ఎరుపు సూచనలకే పరిమితం. స్వరగీతలకూ ఎరుపు వేస్తే మెజెంటా, పసుపు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక సన్నగీత పక్కన నీడ పడుతుంది. గీతలకు నికరమైన నలుపే మేలు.

కాగితం ఎంపికలో వాళ్ల మాట వినండి. 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) క్రీమ్ కాగితం చూపించారు, ఆసుపత్రి గదిలో ట్యూబులైటు కింద మెరవదు. కవరు 250 జీఎస్ఎం, మ్యాట్ ల్యామినేషన్‌తో. శానిటైజర్‌తో తుడిచినా పాడవదు. మాటల అక్షరాల సైజు 13 పాయింట్లకు తగ్గనివ్వకండి. పిన్నులు సరిగ్గా మడతలో పడ్డాయి, పుస్తకం తెరిస్తే పరుచుకుని నిలుస్తుంది.

ఒక్కో ప్రతికి రెండువైపులా ప్రింటు చేసిన ఎనిమిది ఏ4 కాగితాలు పడతాయి, కవరు వేరు. మొత్తం ఆర్డరు ఇచ్చేముందు ‘సుబ్వెనీతె’ ఉన్న కాగితం ఒక్కటి ప్రూఫ్ తీయించి, వొత్తులన్నీ వేలుపెట్టి చూసుకుని, అప్పుడే అడ్వాన్సు కట్టండి.